ఫస్ట్ లాన్సర్ కర్నల్

ప్రార్థన పుస్తకం అమ్మకు. మెళ్లో గొలుసు భార్యకు. వేలికున్న ఉంగరం కూతురికి. చేతి కడియం, ఇంకు పెన్ను కొడుక్కి.

1965 సెప్టెంబరులో, సియాల్‌కోట్ వైపు పాకిస్తాన్‌తో యుద్ధం ఉధృతంగా సాగుతుండగా, ఒక కర్నల్ తోటి అధికారిని దగ్గరికి పిలిచి చెప్పిన పంపకాలివి. భూములు, ఇళ్లు, బ్యాంకు ఖాతాల ఊసు అందులో లేదు. ఒంటి మీద ఉన్నవి, జేబులో ఉన్నవి, అంతే. వాటితో పాటు ఇంకో రెండు మాటలు చెప్పారు. తన కొడుకు కూడా సైన్యంలోనే చేరాలన్నది ఒకటి. తను ఈ పోరులో పోతే ఈ యుద్ధభూమి మీదే దహనం చెయ్యాలన్నది రెండోది.

ఆ రెండో మాట బరువు తెలియాలంటే ఆయన ఎవరో తెలియాలి. ఆయన పార్సీ. పార్సీలు అగ్నిని పవిత్రంగా కొలుస్తారు. శవంతో ఆ అగ్నిని మైలపరచడం వాళ్లకు తగని పని. అందుకే వాళ్ల కడపటి ప్రయాణం చితికి కాదు, దేహాన్ని పక్షులకు వదిలే దఖ్మాకు. సికింద్రాబాద్‌లో పార్సీగుట్ట అన్న పేరు విన్నవాళ్లకు ఈ సంగతి తెలిసే ఉంటుంది. నిప్పును పూజించే ఇంట్లో పుట్టినవాడు తన దేహాన్ని నిప్పుకిమ్మని అడిగాడంటే, తన ట్యాంకుల పక్కనే, తన జవాన్ల మధ్యే ఉండిపోవాలన్న కోరిక ఎంత గట్టిదో ఆలోచించండి.

లెఫ్టినెంట్ కర్నల్ అర్దేశిర్ బుర్జోర్జీ తారాపూర్. అయినవాళ్లకు 'ఆది'. పదిహేడో పూనా హార్స్ రెజిమెంటు కమాండింగ్ ఆఫీసర్. 1965 యుద్ధంలో పరమవీర చక్ర ఇద్దరికే దక్కింది. ఒకరు హవల్దార్ అబ్దుల్ హమీద్, ఇంకొకరు ఈయన. ఇప్పటిదాకా ఆ పతకం అందుకున్న 21 మందిలో, పతకం వచ్చేనాటి హోదా చూస్తే, అందరికంటే పెద్ద హోదా ఈయనదే. ఈ మాటలు సైనిక చరిత్ర పుస్తకాల్లో దొరుకుతాయి. మనవాళ్లు చెప్పుకోనిది వేరే ఉంది. తారాపూర్ సైనికుడైంది మన హైదరాబాద్‌లో. మొదట మోసింది నిజాం జెండా.

*

మెహదీపట్నం నుంచి మాసబ్ ట్యాంక్ వైపు వెళ్లే ఏ ఆటో అతన్నడిగినా 'ఫస్ట్ లాన్సర్' ఎక్కడో చెబుతాడు. ఆ పేరు ఎందుకొచ్చిందో మాత్రం చెప్పలేడు. నేనూ ఆ దారిన ఏళ్ల తరబడి తిరిగాను, ఒక్కసారీ అడగాలని తోచలేదు. నిజాం సైన్యంలో మొదటి లాన్సర్ల దళం ఉండేది. లాన్సర్ అంటే బల్లెం పట్టిన గుర్రపు రౌతు. ఆ దళం పేరే బస్తీకి మిగిలింది. మొదటి ప్రపంచ యుద్ధంలో హైదరాబాద్ లాన్సర్లు జోధ్‌పూర్, మైసూరు రౌతులతో కలిసి ఒకే బ్రిగేడ్‌గా పాలస్తీనా దాకా వెళ్లి పోరాడారు. ఢిల్లీ తీన్ మూర్తి కూడలిలో నిలబడ్డ మూడు విగ్రహాల్లో ఒకటి మన హైదరాబాద్ రౌతుది. కాలక్రమంలో గుర్రాలు పోయి ఇనుప బండ్లు వచ్చాయి. తారాపూర్ చేరింది ఆ లాన్సర్లలోనే. అయితే తిన్నగా చేరలేదు. మధ్యలో ఒక బాంబు పేలింది.

పుట్టింది 1923 ఆగస్టు 18న, బొంబాయిలో. ఈ వంశంలో పూర్వీకుడొకరు శివాజీ సేనలో పనిచేసి వంద గ్రామాలు ఇనాంగా పొందారని, వాటిలో ముఖ్యమైన తారాపూర్ పేరే ఇంటిపేరైందని చెబుతారు. తాత హైదరాబాద్ వచ్చి నిజాం సర్కారు ఆబ్కారీ శాఖలో కుదురుకున్నారు. అప్పట్లో హైదరాబాద్ పార్సీ కుటుంబాలకు సర్కారు కొలువు కొత్తేమీ కాదు. పత్తి మిల్లుల్లో, సారా గుత్తల్లో, దఫ్తర్లలో వాళ్లు కనిపించేవాళ్లు.

ఆది చిన్నతనం గురించి ఇంట్లో చెప్పుకునే సంగతి ఒకటుంది. ఆరేళ్లప్పుడు అక్కతో పెరట్లో ఆడుకుంటుంటే ఇంటి ఆవు కట్టు తెంపుకుని ఆ పిల్ల మీదికి దూకింది. బుడతడు ఒక కర్ర అందుకుని ఇద్దరి మధ్యలోకి వెళ్లి, ఆవు ముట్టె మీద ఒక్కటి వేశాడు. ఆవు వెనుదిరిగింది. పెద్దయ్యాక వీరుడైనవాడి బాల్యంలో ఇలాంటివి వెతికి పెట్టడం మన అలవాటే, నాకూ తెలుసు. కానీ ఈ పిల్లాడు తర్వాత కుర్ర అధికారిగా చేసిన పని చూశాక ఆవు కథను నమ్మబుద్ధవుతుంది.

చదువు పూనాలో, సర్దార్ దస్తూర్ బడి హాస్టల్లో. పుస్తకాల్లో అంతంతమాత్రం. ఈత, బాక్సింగ్, టెన్నిస్, క్రికెట్, ఇవీ ఆయన సబ్జెక్టులు. బడికి కెప్టెన్ కూడా అయ్యాడు. 1940లో మెట్రిక్ గట్టెక్కగానే హైదరాబాద్ సంస్థాన సైన్యానికి దరఖాస్తు పెట్టుకున్నాడు. గోల్కొండలో తొలి శిక్షణ, తర్వాత బెంగుళూరు. 1942 జనవరిలో ఏడో హైదరాబాద్ ఇన్‌ఫెంట్రీలో సెకండ్ లెఫ్టినెంట్. కోరుకున్నది మాత్రం ఇది కాదు. మనసంతా ట్యాంకుల మీద, కొలువేమో కాలినడక పటాలంలో.

ఒకరోజు సంస్థాన సైన్యాధిపతి మేజర్ జనరల్ ఎల్ ఎద్రూస్ పటాలాన్ని చూడవచ్చారు. గ్రెనేడ్లు విసరడం నేర్పిస్తున్నారు. మట్టికట్ట వెనుక గుంతలో కొత్త జవాను నిలబడి, పిన్ను లాగి, చెయ్యి తిప్పి విసరాలి. చెయ్యి వణికిందో, పట్టు జారిందో, విసిరిన గ్రెనేడ్ కట్ట దాటలేదు. గుంతలోనే పడింది.

లివరు ఎగిరిపోయాక గ్రెనేడ్ ఇచ్చే వ్యవధి నాలుగైదు సెకన్లు. 'అయ్యో' అనుకునేసరికే ఒక సెకను పోతుంది. అటు చూసేసరికి రెండోది. తారాపూర్ ఆ గుంతలోకి దూకారు. వంగి దాన్ని చేత్తో తీసుకుని అవతలికి విసిరారు. చెయ్యి విడిచీ విడవగానే అది గాలిలోనే పేలింది. ముక్కలు ఛాతీలో దిగబడ్డాయి. జవాను బతికాడు. నెత్తురోడుతున్న ఆ కుర్ర అధికారిని ఎద్రూస్ తన కళ్లతో చూశారు.

గాయాలు మానాక ఎద్రూస్ కార్యాలయం నుంచి పిలుపు వచ్చింది. మెచ్చుకున్నారు. సైన్యాధిపతి అంతటివాడు ఎదురుగా నిలబెట్టి మెచ్చుకుంటే ఆ వయసువాడు సెల్యూట్ కొట్టి, పొంగిపోయి బయటికొచ్చేస్తాడు. తారాపూర్ సమయం చూసి తన కోరిక చెప్పుకున్నారు. ట్యాంకుల దళంలోకి మార్చమన్నారు. ఎద్రూస్ మార్పించారు. ఫస్ట్ హైదరాబాద్ ఇంపీరియల్ సర్వీస్ లాన్సర్స్. ఆయన లాన్సరయ్యింది అలా.

*

రెండో ప్రపంచ యుద్ధంలో ఆ దళం పశ్చిమాసియా వెళ్లింది. పైఅధికారి బ్రిటిష్ దొర. హైదరాబాద్ సైన్యమన్నా, అక్కడి మనుషులన్నా ఆయనకు చిన్నచూపు. ఓసారి నోరు జారితే, అందరిలోకీ చిన్నవాళ్లలో ఒకరైన తారాపూర్ లేచి నిలబడి, మీరు మా దేశాన్ని, మా రాజునూ అవమానించారని ముఖం మీదే అన్నారట. దొరకు ఎదురు చెబితే ఉద్యోగం ఊడే రోజులవి.

ఆయన 'మా దేశం' అన్నది హైదరాబాద్‌ను. 'మా రాజు' అన్నది నిజామును. ఆ మాటలు చదివి కొందరు ఇబ్బంది పడొచ్చు. నేను పడను. సైనికుడు ఎవరి ఉప్పు తింటే వాళ్ల పరువు తన పరువనుకుంటాడు. ఇరవై ఏళ్ల కుర్రాడికి అప్పుడున్న జెండా అదే, చేసిన ప్రమాణమూ దానికే. దొర ముందు తల వంచుకుంటే రేపు ఇంకో జెండా కింద మాత్రం నిటారుగా నిలబడగలడా?

ఆ ఇంకో జెండా 1948లో వచ్చింది. సెప్టెంబరు 13న భారత సైన్యం సంస్థానంలోకి అడుగుపెట్టింది. 17న నిజాం లొంగుబాటు ప్రకటించారు. ఆ మర్నాడు, ఒకప్పుడు తారాపూర్‌ను పిలిచి మెచ్చుకున్న ఆ ఎల్ ఎద్రూసే, సంస్థాన సైన్యం తరఫున మేజర్ జనరల్ జయంతనాథ్ చౌధురికి లొంగిపోయారు. నిజాం సైన్యం కథ అక్కడితో ముగిసింది. అందులో చేసినవాళ్లు చెల్లాచెదురయ్యారు. కొందరిని ఇంటికి పంపేశారు, కొద్దిమందిని ఏరి భారత సైన్యంలోకి తీసుకున్నారు. ఏరిన ఆ కొద్దిమందిలో తారాపూర్ ఒకరు. 1951 ఏప్రిల్ 1 నుంచి ఆయన భారత సైన్యాధికారి. చేరింది పూనా హార్స్‌లో. చిన్నప్పుడు బడికెళ్లిన ఊరి పేరున్న రెజిమెంటు.

నిన్నటిదాకా ఎదుటి పక్షంలో లెక్కకొచ్చిన సైన్యం నుంచి వచ్చినవాణ్ని కొత్త మెస్‌లో ఎలా చూశారో, ఆయన దాన్నెలా దిగమింగుకున్నారో రాసిపెట్టినవాళ్లు లేరు. ఫలితం మాత్రం కళ్లముందుంది. అదే రెజిమెంటులో మెట్టుమెట్టు ఎక్కి, దానికి అధిపతి అయ్యారు. సెంచూరియన్ ట్యాంకు మన సైన్యంలోకొచ్చిన రోజుల్లో ఇంగ్లండ్ వెళ్లి దాని మీద శిక్షణ పొందారు. దాని లోతుపాతులు జవాన్లకు నేర్పడం తన పనిగా పెట్టుకున్నారు.

*

సెంచూరియన్ యాభై టన్నుల ఇనుము. లోపల నలుగురు: నడిపేవాడు, గురిచూసి పేల్చేవాడు, గుండు ఎక్కించేవాడు, కమాండరు. మూత మూసేస్తే కమాండరుకు ప్రపంచమంతా పెరిస్కోపు అద్దపు చీలికలోంచి కనిపించినంతే. మూత తెరిచి తల, భుజాలు పైకి పెట్టి నిలబడితే నలుదిక్కులా చూపు ఆనుతుంది. అయితే ఎగిరే ప్రతి ముక్కకీ ఆ తలే గురి. మన ట్యాంకు కమాండర్లు తలపైకెత్తి నిలబడే పోరాడారు. రెజిమెంటు అధిపతి కూడా అంతే. ఎదుట అమెరికా ఇచ్చిన ప్యాటన్లు. లెక్కల్లో అవి కొత్తవి, హంగులెక్కువవి. చెరకు చేలు మనిషెత్తు పెరిగి ఉన్న కాలం అది. ఆ ఆకుల మాటున ఉన్నది ఊరో, ట్యాంకో అది పేలేదాకా తెలియదు. అలాంటిచోట ముందు చూసినవాడిదే గెలుపు. చూపు కోసం ప్రాణాన్ని మూత బయట పెట్టారు.

1965 సెప్టెంబరు 8న మన ఒకటో ఆర్మర్డ్ డివిజన్ సరిహద్దు దాటింది. తొలిరోజే గట్టి ఎదురుదెబ్బ తగిలి ఆగింది. మళ్లీ కదిలేసరికి 11వ తేదీ. మధ్యలో పోయిన ఆ రోజులు అవతలివాళ్లు తమ ట్యాంకులను కూడగట్టుకోవడానికి పనికొచ్చాయి. పైన కూచుని నిర్ణయాలు తీసుకున్నవాళ్ల జంకుకు ముందువరసలో ఉన్నవాళ్లు ఎంత మూల్యం చెల్లించారో ఈ కథలో ముందుముందు కూడా కనిపిస్తుంది. నాకు బాధ కలిగించేది అదే.

11న పూనా హార్స్ పని ఫిల్లోరాను పట్టుకోవడం. వెనుక నుంచి మీద పడాలని ఫిల్లోరాకూ చవిండాకూ మధ్యలోంచి దూసుకెళుతుంటే, వజీర్‌వాలి దిక్కు నుంచి శత్రు ట్యాంకులు ఒక్కుమ్మడిగా విరుచుకుపడ్డాయి. అందరికంటే ముందున్నది కర్నల్ ట్యాంకే. వెనక్కి మళ్లి సర్దుకునే వీలు లేదు. ఆయన అక్కడే నిలబడి, ఒక స్క్వాడ్రన్‌తో, కాల్బలంతో ఫిల్లోరా మీదికి వెళ్లారు. ఊరు చేజిక్కింది. ఆయన చెయ్యి గాయపడింది. వెనక్కి ఆసుపత్రికి వెళ్లమన్నారు, ఆయన వెళ్లలేదు.

కట్టు కట్టిన చేత్తో ట్యాంకు ఎక్కడం ఎలా ఉంటుందో ఊహించండి. పట్టుకోవడానికి ఎండకు కాలిన ఇనుప కమ్మీలు. ఒంటిచేత్తో పైకి లాక్కుని, మూతలోంచి కిందికి జారాలి. బండి కదిలితే కుదుపు కుదుపుకీ ఆ గాయం అంచుకు కొట్టుకుంటుంది. చెవులకు హెడ్‌సెట్, గొంతు దగ్గర మైకు, పొగ, డీజిలు కాదు పెట్రోలు వాసన. సెంచూరియన్ పెట్రోలు తాగే బండి. ఒక రోజు కాదు, ఐదు రోజులు అలాగే. 14న అదే చేత్తో వజీర్‌వాలి. 16న జస్సోరాన్, దాని తర్వాత బుటూర్ దోగ్రాండి.

ఆ రెండు ఊళ్ల పేర్లు మనకు కొత్త. చవిండా చుట్టూ ఉచ్చు బిగించాలంటే మాత్రం అవే కీలకం. పూనా హార్స్ అక్కడ కాలు ఊని నిలబడితే, ఆ అండతో మన కాల్బలం చవిండాను వెనుక నుంచి కొడుతుంది. ఇదీ పథకం. తారాపూర్ రెండు ఊళ్లూ పట్టుకున్నారు. శత్రువు గురంతా ఆ రెండు ఊళ్ల మీదే పడింది. ఫిరంగి గుళ్లు, ట్యాంకు గుళ్లు వానలా కురిశాయి. కర్నల్ ట్యాంకు పేరు 'ఖుషాబ్'. పర్షియాలో రెజిమెంటు పోరాడిన పాత యుద్ధం గుర్తు. ఖుషాబ్‌కు ఒకటి కాదు, చాలా దెబ్బలు తగిలాయి. ఆయన జాగా విడవలేదు.

బుటూర్ దోగ్రాండి దగ్గరే ఎనిమిదో గఢ్వాల్ రైఫిల్స్ కాల్బలం కూడా కొట్టుకుంటోంది. దాని అధిపతి లెఫ్టినెంట్ కర్నల్ జిరాద్, యూదుడు, అక్కడే నేలకొరిగారు. ఆయన తర్వాత పగ్గాలు పట్టిన మేజర్ అబ్దుల్ రఫీ ఖాన్ కూడా ఆ పోరులోనే పోయారు. ఒక పార్సీ, ఒక యూదుడు, ఒక ముస్లిం, ఒకే పల్లె పొలిమేరలో.

సెప్టెంబరు 16, గురువారం. బుటూర్ దోగ్రాండిలో తారాపూర్ ప్రాణాంతకంగా గాయపడ్డారు. అక్కడే కన్నుమూశారు. వయసు 42. కర్నల్ పోయిన తర్వాత కూడా రెజిమెంటు ఆగలేదు. సుమారు 60 శత్రు ట్యాంకులను ధ్వంసం చేసి, తాము పోగొట్టుకున్నది తొమ్మిదే అని పతకంతో ఇచ్చిన ప్రశంసాపత్రం చెబుతుంది.

పదిహేడేళ్ల కిందట సరిగ్గా అదే రోజున, 1948 సెప్టెంబరు 16న, భారత సేనలు హైదరాబాద్ వైపు వస్తున్నాయి. ఆ సేనలను నడిపించిన జనరల్ చౌధురి 1965లో భారత సైన్యానికే అధిపతి. ఆయన ఆజ్ఞ కింద, ఆయన గెలిచిన సైన్యంలోంచి వచ్చిన ఒక లాన్సర్, ఆ యుద్ధంలో దేశం ఇచ్చిన అత్యున్నత పతకానికి పాత్రుడయ్యాడు. సెప్టెంబరు 17 వస్తే చాలు, అది విమోచనమా, విలీనమా, సమైక్యతా దినమా అని మనం గొంతులు చించుకుంటాం. ఆ వాదాలు ఎందరో అనుభవించిన గాయాల్లోంచి వచ్చినవి, వాటిని కాదనను. ఆ ముందురోజు మాత్రం ఈ మనిషి పేరు ఒక్కసారైనా మన నోట రాదే అన్నది నా బాధ. అండమాన్‌లో ఒక దీవికి 2023లో ఆయన పేరు పెట్టారు. అంతకుముందు ఒక చమురు నౌకకు పెట్టారు. ఫస్ట్ లాన్సర్‌లో ఉన్న కుర్రాళ్లకు ఆ పేరు చెప్పి చూడండి.

*

కోరినట్టే చేశారు. యుద్ధభూమిలోనే చితి పేర్చారు.

ఏ దాడికి దారి చెయ్యడం కోసం తారాపూర్ ఆ రెండు ఊళ్లు పట్టి నిలబడ్డారో, ఆ కాల్బలం దాడి అనుకున్న వేళకు జరగలేదు. వాయిదా పడి వాయిదా పడి 18వ తేదీ రాత్రి జరిగి, విఫలమైంది. బుటూర్ దోగ్రాండి చేజారింది. చవిండా చిక్కలేదు. 23 తెల్లవారుజామున కాల్పులు ఆగాయి. 1971లో పూనా హార్స్ మళ్లీ అటువైపే వెళ్లి, సెకండ్ లెఫ్టినెంట్ అరుణ్ ఖేత్రపాల్ రూపంలో మరో పరమవీర చక్ర సంపాదించుకుంది. అదీ ఓ పదహారో తేదీనే, డిసెంబరులో. అప్పటికి ఖేత్రపాల్‌కు ఇరవై ఒక్కేళ్లు.

1966 జనవరి 10న తాష్కెంట్‌లో సంతకాలయ్యాయి. ఎవరి సైన్యం వాళ్ల పాత హద్దుల్లోకి ఫిబ్రవరి 25 లోగా తిరిగి వెళ్లాలన్నది ఒప్పందం. సియాల్‌కోట్ రంగంలో మనం పట్టుకున్న నేలంతా ఆ లెక్కలో తిరిగి ఇచ్చేశాం. తారాపూర్ తన దేహాన్ని అప్పగించమన్న నేల కూడా అందులోనే వెళ్లిపోయింది. ఊళ్లు వదిలిపోయిన రైతులు వెనక్కి వచ్చి, ట్యాంకు గొలుసులు లోతుగా కోసిన చెరకు మళ్లలో మళ్లీ నాగళ్లు దించి ఉంటారు.